నైనై డ్రాగన్‌కి నేను పెట్టిన దిష్టిచుక్క

మా చిన్నప్పుడు స్కూల్ బస్సు దిగి నేను మా ఇంటికి వెళ్ళేదాన్ని కాదు... ఎదురింటి తలుపు తట్టేదాన్ని. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్. ఎదురింట్లో నా క్లాస్‌మేట్ లిన్, వాళ్ళ నైనై. నైనై అంటే వాళ్ళ భాషలో నాన్నమ్మ. అమ్మానాన్న ఆఫీసుల నుంచి వచ్చేదాకా నేను ఆవిడ మనిషిని. వేడివేడి గంజి, పైన వేయించిన వేరుశనగలు... బూట్లు గుమ్మం బయటే, అచ్చం మా ఇంట్లోలాగే.

నైనైకి ఇంగ్లీషు రాదు. నాకు చైనా మాట ఒక్కటీ రాదు. మధ్యలో లిన్... తనకు నచ్చినంతే ఇంగ్లీషులో చెప్పేది.

నా తొమ్మిదో ఏట చలికాలంలో నైనై మా బిల్డింగ్ మొత్తాన్ని పనిలో పెట్టింది. వాళ్ళ కొండపల్లెలో కొత్త సంవత్సరం వచ్చిన పదిహేనో రోజున బల్లల డ్రాగన్ ఆడతారట. ఇంటికో బల్ల... దాని మీద వెదురు బద్దలతో అల్లి, కాగితం అతికించిన లాంతర్లు. బల్లకీ బల్లకీ మధ్య చెక్క మేకు దిగేస్తే అదే డ్రాగన్ ఒళ్ళు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళుంటే అంత పొడుగు. ఒక్క ఇల్లు రాకపోయినా డ్రాగన్ తెగిందనే లెక్క.

అమెరికాలో బల్లలెక్కడివి? ఒకరు పుస్తకాల అర ఊడదీశారు. కింది ఇంటి పోలిష్ అంకుల్ పాత తలుపు కోశాడు. మా నాన్న ఇస్త్రీ బల్ల మోసుకొచ్చాడు. నైనై దాన్ని వేలితో నొక్కి చూసి ఏదో అంది.

"డ్రాగన్‌కి పరుపు అక్కర్లేదంట అంకుల్" అంది లిన్.

నాన్న వెనక్కి వెళ్ళి మంచం అడుగు పలక పట్టుకొచ్చాడు.

వెదురంతా ఎవరో పారేసిన కిటికీ తెరల నుంచి వచ్చింది. నైనై బద్దలను టబ్బులో నానబెట్టి, కొవ్వొత్తి సెగ మీద వంచేది. డ్రాగన్ తలకు వాడిన పలచటి కాగితం మాత్రం ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నది... తలకే సరిపోయింది. ముక్క మిగల్లేదు.

పండగ రేపనగా, శనివారం, తల పూర్తయింది. ఎర్రటి నోరు, దూది గడ్డం, పసుపు పొలుసులు... చూడ్డానికి బిల్డింగ్ అంతా మెట్లెక్కి వచ్చింది. అందరిదీ ఒకటే పొగడ్త.

మా తమ్ముణ్ణి ఎవరైనా అంత పొగిడితే అమ్మ వెంటనే కాటుక భరిణె తీసేది. అమ్మమ్మ ఆముదం దీపం మసిని ఆముదంతోనే నూరి పంపిన కాటుక. నేను పరుగున వెళ్ళి భరిణె తెచ్చాను. గదిలో ఎవరూ లేనప్పుడు డ్రాగన్ ఎడమ బుగ్గ మీద చుక్క పెట్టాను. చిన్నదే... మినపగింజంత.

కాగితం పీల్చుకుంది. మినపగింజ కాస్తా గారెంత అయింది. కంగారుగా చేత్తో తుడిచాను... అప్పడమంత అయింది.

ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడ్డాను. సోమవారం బస్సు దిగి ఎక్కడికి పోవాలి? అంతకు ముందు ఏడాది స్కూల్లోనే ఉండిపోయేదాన్ని... కోటు జిప్పు వేసుకుని, గోడ గడియారం కింద కుర్చీలో, అందరి అమ్మలూ వచ్చి వెళ్ళాక కూడా.

"అమ్మా, నైనై నన్ను ఇంక రానివ్వదు."

"ఏం చేశావే?"

చెప్పాను. కొంగు లేదు కాబట్టి అమ్మ నవ్వాపుకుంటూ స్వెటర్ చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. "డ్రాగన్‌కి దిష్టేంటే, నీ మొహం! పద... మనమే వెళ్ళి చెప్పాలి."

మేము వెళ్ళేసరికి నైనై డ్రాగన్ తల ముందు కూర్చుని ఉంది. చేయి మచ్చ మీదే ఉంది.

"లిన్, గ్రాండ్‌మాకి చెప్పమ్మా... ఎవరి కన్నూ పడకూడదని పెట్టిందంట. మేం పిల్లలకి పెడతాం" అంది అమ్మ.

లిన్ చాలాసేపు చెప్పింది. నైనై ఒక్కటే అడిగింది.

"మీ తమ్ముడిక్కూడా ఇంత పెద్దదే పెడతారా అంటోంది."

"లేదు... ఇది పాకింది" అన్నాను.

నైనై లేచి గ్లాసుడు నీళ్ళు తెచ్చింది. నా మీదే పోస్తుందనుకుని అమ్మ వెనక్కి నక్కాను. ఆవిడ వేళ్ళు ముంచి మచ్చ మీద చిలకరించింది. నీళ్ళు ఇంకలేదు... బొట్లుబొట్లుగా జారిపోయాయి. నైనై అమ్మ చేయి పట్టుకుని గబగబా ఏదో చెప్పసాగింది.

"ఊళ్ళో అయితే కాగితం తడవకుండా ఏదో గింజల నూనె పూస్తారంట. ఇక్కడ దొరకలేదు. మంచు పడితే తల కరిగిపోతుందని వారం నుంచీ ఇదే గొడవ ఆంటీ!" లిన్ రొప్పుతోంది. "ఆ నల్లది వద్దంట. నూనె ఉందా?"

"ఆముదమా? సీసాడుంది!" అంది అమ్మ.

అప్పుడు ఏడ్చాను, వెక్కివెక్కి. నైనై నా చేతిలో బ్రష్ పెట్టింది. ఏడుస్తూనే పూశాను.

పండగ సాయంత్రం నిజంగానే తడిమంచు కురిసింది. పార్కింగ్ లాట్‌లో పదకొండు ఇళ్ళు, పదకొండు బల్లలు... తల మలుపు తిరిగినప్పుడల్లా తోక పట్టుకున్నవాళ్ళు కార్ల మీద పడబోయి కేకలు! మా లాంతర్లు రెండు నానిపోయి వేలాడాయి. తలకు మాత్రం ఏమీ కాలేదు. లోపలి బల్బు వెలుగు నూనె కాగితంలోంచి తేనె రంగులో కనిపించింది. మచ్చ అలాగే ఉంది. అదేమిటని అడిగినవాళ్ళకల్లా నైనై గర్వంగా నన్ను చూపించింది.

అయినా సోమవారం బస్సు దిగి, ఎక్కడో ఇంకా కాస్త భయంతోనే మెట్లెక్కాను. నేను తట్టకముందే తలుపు తెరుచుకుంది. ఆ రోజు ఎంత తేలిగ్గా అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను... ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంత హాయిగా లేదు.

ఇప్పుడు జెర్సీ సిటీలో ఉంటున్నాను. ఐదేళ్ళలో ఇది నాలుగో ఇల్లు. ఎదురింటివాళ్ళ పేరు వాళ్ళ పార్సిళ్ళ మీద చదివి తెలుసుకున్నాను. వాళ్ళకో చిన్న పాప... లిఫ్టులో నన్ను చూసి నవ్వుతుంది. ఆ పాప ఏదైనా పాడుచేసినా క్షమించేసే ఇల్లు ఒకటి ఈ టవర్లో ఉందా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మీ అమ్మానాన్న వచ్చేదాకా మిమ్మల్ని ఎవరు కూర్చోబెట్టుకునేవారు? వాళ్ళింట్లో మీరు పాడుచేసిందేమిటి? రాయండి... ఇప్పుడైనా ఒప్పేసుకోండి, నేనైతే తిట్టను.