మీసాలు చూడనిదే పేరు చెప్పరు

మా ఊరి డ్రుసిల్లా పెన్హేల్ గారు మీసాలు చూడనిదే ఎవరి పేరూ ఒప్పుకోరు. దీపపు పురుగుల మీసాలు సుమా! మెడలో తాడుకు భూతద్దం. పెరట్లో దీపం కింది పెట్టెలో రాత్రి చేరిన పురుగులను పొద్దున్నే, అవి దాక్కోవడానికి పెట్టిన కోడిగుడ్ల అట్టలతో సహా బయటికి తీస్తారు. మీసం ఈకలా ఉందా, దారంలా ఉందా, ముందు రెక్క మీద మచ్చ ఎక్కడుంది అని చూశాక గానీ నోరు విప్పరు. నలభై ఏళ్లలో ఒక్క పేరూ తప్పలేదని మా కార్న్‌వాల్ జిల్లా అంతటికీ తెలుసు. తెలియనివాళ్లకు ఆవిడే చెబుతారు.

ఈ పిచ్చి పురుగులతో ఆగితే బాగుండేది. పాస్టరుగారి కవలల దగ్గర కన్నతల్లే పొరబడుతుంటే, "ఎడమ చెవి అంచు చూడవమ్మా, వీడే పెద్దాడు" అని తేల్చేశారు. నేను పెళ్లి చేసుకోబోయేవాణ్ణి చూపిస్తే భూతద్దం ఎత్తారు.

"టాంసిన్, ఇతన్ని కాస్త వెనక్కి తిప్పవే."

"ఎందుకండీ?"

"పై రెక్కలు చూసి మోసపోకూడదు. అసలు రంగు కిందుంటుంది!"

పాపం, అతను నిజంగానే తిరిగాడు.

ఆవిడకు ఈ విద్య నేర్పింది మా నాన్న, జేబెజ్ మాస్టారు. పోయిన చలికాలం పక్షవాతంతో నాన్నకు మాట పడిపోయింది. "ప్రయత్నిస్తే వస్తుంది, లేకపోతే ఇక రాదు" అన్నారు డాక్టరుగారు. నాన్న ప్రయత్నించనే లేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు ప్రాణం పోయినంత పనయింది.

జూన్‌లో ఓ శనివారం పొద్దున డ్రుసిల్లా గారొచ్చి నాన్న ఒళ్లో గుడ్ల అట్ట పెట్టారు. దాని మీద ఒకే పురుగు. రెక్కపై వెండిలా మెరిసే ఇంగ్లీషు వై అక్షరం గుర్తు. మా ఊళ్లో ఊయల్లో పిల్ల కూడా పోల్చే పురుగది.

"బంగారు వై" అన్నారావిడ దర్జాగా.

నేను నోరు తెరిచాను. ఆవిడ నా కాలు తొక్కారు.

"బంగారు వై. సందేహమే లేదు. రాసేసుకుంటున్నా."

నాన్న మెడ ఇటు తిరిగింది. మొహం కందగడ్డయింది.

"వె... వె..."

"ఏంటి మాస్టారూ? బంగారమేగా?"

"వెండి! వెండే, మొద్దూ!"

నేను ఏడుస్తూనే పకపకా నవ్వాను.

ఇప్పుడు శనివారం వస్తే చాలు, ఆవిడ ఏదో ఒక పేరు తప్పుతారు, నాన్న వీధి చివరిదాకా వినిపించేలా తిడతాడు. నలభై ఏళ్ల పరువు మంటగలిసిందని ఊరంతా గుసగుసలు. నాకు ఉండబట్టలేక మొన్న ఆవిడ పుస్తకం తెరిచి చూశాను. జూన్‌లో ఆ మొదటి శనివారం తేదీ కింద, మా ఇంటికి రాకముందే, తెల్లారి అయిదింటికి రాసి ఉంది: "వెండి వై, ఒకటి."

దాని కిందే ఇంకో వరుస: "జేబెజ్ మాస్టారు. మొహం ఎరుపు, మీసం నిటారు. తిట్టు: మొద్దు. ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి."