శాలువా కప్పిన సాయంత్రం

మా కోనసీమలో మనిషిని పొమ్మనాలన్నా శాలువా కప్పి మరీ పొమ్మంటారు. ఈ సంగతి నాకు యాభై దాటాక, అమలాపురంలో నేను ఏళ్ల తరబడి బాస్కెట్‌బాల్ నేర్పిన కాలేజీలోనే తెలిసింది.

నేను ఆట మొదలుపెట్టింది మిషన్ హాస్టల్లో. పొట్టిదాన్ని కాబట్టి బుట్టలో బంతి వేసే పని పొడుగువాళ్లకి వదిలేసి, వాళ్లకి బంతి అందించే గార్డునయ్యాను. ఆ ఆట నాకు సికింద్రాబాదులో ఉద్యోగమిచ్చింది, దేశమంతా తిప్పింది. కుడి మోకాలు పాడయ్యాక మాత్రం ఎవరూ పలకరించలేదు. ఇంటికొచ్చి, కోచ్‌నని చెప్పుకుని, కొబ్బరితోట పక్కనున్న కాలేజీ కోర్టులో ఆడపిల్లలకి నేర్పడం మొదలుపెట్టాను. గాలి వేసినప్పుడు కోర్టులో కాయలు పడేవి. ఆ దెబ్బ తప్పించుకోవడం నేర్చుకున్న పిల్లలకి ఎదుటి జట్టు ఒక లెక్కా అని వేళాకోళం చేసేదాన్ని.

వాళ్లలో ఒక పిల్ల రాజోలు వైపునుంచి వచ్చింది. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. హాస్టల్ తిండి పడక పిల్ల చిక్కిపోతుంటే మా ఇంటికి తెచ్చుకున్నాను. తల్లి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, "మా పిల్ల ఇంక మీ పిల్లేనండి." నేనూ అలాగే అనుకున్నాను. నా చేపల పులుసు తిని, నా మంచం మీద పడుకుని, నా ఆటంతా నేర్చుకుంది. బంతి ఎవరికి వెయ్యాలో వాళ్లవైపు చూడకూడదని, కళ్లతో ఇంకొకళ్లకి వేస్తున్నట్టు నమ్మించాలని గార్డుకి చెప్పే మొదటి పాఠం. దానికి చెప్పినంత ఓపికగా ఎవరికీ చెప్పలేదు. కోచింగ్ డిప్లొమా చదవమని వెంటపడిందీ నేనే. చదివి వచ్చాక నాకు సహాయంగా పెట్టుకోమని కాలేజీ వాళ్లని అడిగిందీ నేనే.

ఆ ఏడాది మా పిల్లలు మొదటిసారి రాష్ట్ర పోటీలకి ఎంపికయ్యారు. నేను ప్లేయర్‌గా చాలా బెంచీల మీద కూర్చున్నాను గానీ, నా పిల్లల బెంచీ మీద కోచ్‌గా రాష్ట్ర పోటీల్లో కూర్చోవడం కన్నా నాకు వేరే కోరిక లేదు. ఒకరోజు పొద్దున్న, కోర్టు మెట్లెక్కుతూ, మోకాలు మళ్లీ సలుపుతోందే అని ఆ రాజోలు పిల్లతో అన్నాను. దానితో తప్ప ఎవరితోనూ అనలేదు.

వారం తిరక్కుండా కాలేజీ నడిపే కరస్పాండెంటుగారు కబురు పెట్టారు. చిన్న సన్మానం చేసుకుంటామని, కాదనకూడదని ఆయన మాట. జట్టు బయల్దేరే ముందు దీవెనల కోసం అనుకుని, కొత్త చీర కట్టుకుని వెళ్లాను. స్టేజీ మీద నా పక్కనే కూర్చుంది అది. ఆ సాయంత్రమంతా నావైపే చూస్తూ నవ్వింది. నేను నేర్పిన మొదటి పాఠం గుర్తుంటే నాకు అక్కడే అనుమానం రావలసింది. శాలువా కప్పగానే వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టింది. నెత్తిన చెయ్యి పెట్టి దీవించాను.

అప్పుడు కరస్పాండెంటుగారు మైకు అందుకున్నారు.

"మేడంగారికి మోకాలు బాగోటం లేదండి. మెట్లెక్కలేకపోతున్నారని, విశ్రాంతి కావాలని వారి శిష్యురాలి ద్వారా చెప్పించేరు. వారి మాట కాదనలేక, జట్టుని ఆ శిష్యురాలికే అప్పగిస్తున్నామండి."

అందరూ చప్పట్లు కొట్టారు. జట్టు పిల్లలు కూడా కొట్టారు. నా ముఖం చూడకుండా కొట్టారు కాబట్టి వాళ్లకి ముందే తెలుసని అర్థమైంది. నేను లేచి, అది అబద్ధమని చెప్పగలిగేదాన్నే. కానీ మెడలో దండ, భుజాన శాలువా, చేతిలో పళ్లబుట్ట పెట్టుకుని ఎవరూ పోట్లాడలేరు. వాళ్లకి ఆ సంగతి తెలుసు. ఇంటికొచ్చి ఆ శాలువాని బీరువాలో పెట్టబుద్ధికాక, కుట్టుమిషను మీద దుమ్ము పడకుండా కప్పాను.

వెళ్లకూడదనుకుంటూనే పోటీలకి కాకినాడ బస్సెక్కాను. గ్యాలరీలో జనం మధ్య కూర్చున్నాను. ఆట చివరికొచ్చేసరికి మావాళ్లు వెనకబడ్డారు. ఓడిపోతే బాగుణ్ణని అనుకున్నాను, అబద్ధం చెప్పను. ఎదుటి జట్టు బుట్ట కింద గోడ కట్టినట్టు నిలబడిపోయింది. మా చిన్న గార్డు, కొత్తపేట పిల్ల, మాటిమాటికీ వాళ్లలోకి దూరి పడిపోతోంది. ఒకసారి లేవడానికి ఆలస్యమైంది. చూస్తే కుడి మోకాలు పట్టుకుని ఉంది.

మావాళ్లు టైమౌట్ అడిగారు. రాజోలు పిల్ల బెంచీ దగ్గర నిలబడి గ్యాలరీ అంతా వెతికి, నన్ను పట్టుకుంది. ఇంకెటూ చూడలేదు. జట్టుకి నేను నేర్పిన సైగ ఒకటుంది. నేను నెత్తిన అరచెయ్యి పెట్టుకుంటే పొడుగు పిల్లలందరూ బుట్ట కింద నుంచి బయటికొచ్చి, తమ వెంటున్నవాళ్లని కూడా లాక్కొచ్చి, గార్డుకి మధ్యలో దారి వదలాలి. అది దానికి తెలియని సైగ కాదు. కంగారులో గుర్తురాలేదంతే. నేను ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంటే చాలు, నా పగ తీరిపోయేది. ఆ కొత్తపేట పిల్ల కుంటుతూ మళ్లీ కోర్టులోకి వస్తోంది. నా చెయ్యి నెత్తి మీదికి వెళ్లింది.

గెలిచారు. కొత్త కోచ్ ఎత్తుగడ అని అందరూ మెచ్చుకున్నారు. ఆ ఎత్తుగడ నాదని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇదిగో చెబుతున్నాను.

జనం పల్చబడ్డాక అది మెట్లెక్కి నా దగ్గరికొచ్చింది. ఏడుస్తోంది.

"మీరు లేకపోతే ఓడిపోయేవాళ్లమండి. నేను చేసింది తప్పేనండి. నన్ను దీవించండి మేడంగారూ," అంటూ కాళ్ల దగ్గర వంగింది.

ఆ ఏడుపు నిజమేనేమో. తల్లి దూరాన ఉన్న పిల్ల, నా చేత్తో అన్నం తిన్న పిల్ల. అయినా నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను.