ఎవరి చేతికి పిస్తోలు

మకార్ చెడ్డవాడని అనేవాళ్ళు మా ఊళ్ళో లేరు. బడి బాయిలరు చూసుకునే మనిషి. పిల్లలు వచ్చేసరికి గదులు వెచ్చగా ఉంటాయి. ఆ దారినే పోతూ ముసలి పరస్కేవ వాకిట్లో మంచు తోసి, ఎవరు తోశారో తెలియకుండా వెళ్ళిపోతాడు. తెలియదని అతను అనుకుంటాడు గానీ, ఆ పార చప్పుడు వీధంతా వింటుంది. చర్చిలో తన కొవ్వొత్తి వెలిగించుకునేటప్పుడు పక్కవాళ్ళది ఆరిపోయి ఉంటే అదీ వెలిగిస్తాడు. దేవుడు అతనికి మంచి గుణాలు చాలానే ఇచ్చాడు. పిస్తోళ్ళ సంగతి ఎత్తకుండా ఒక పూట గడిపే శక్తి మాత్రం ఇవ్వలేదు.

అలాస్కాలో మా నది మీద వేసవి అంటే సాల్మన్ చేపలు. నీళ్ళు మంచు విడవగానే ఇంటిల్లిపాదీ పడవెక్కి ఎగువకు, ఎవరి గుడారానికి వాళ్ళు పోతారు. మగవాళ్ళు నడినదిలో వలలు లాగుతారు. ఆడవాళ్ళు ఒడ్డున బల్ల ముందు నిలబడి చేపలు కోసి పొగగూటిలో వేలాడదీసి ఎండబెడతారు. చలికాలమంతా గడిచేది వాటితోనే. ఆ నెత్తుటి వాసన మనకంటే ముందు ఎలుగుబంటికి తెలుస్తుంది. మా పెద్దవాళ్ళు ఆ పేరు పలకరు, 'ఆయన' అంటారు. తన గురించి మాట్లాడుకుంటే ఎంత దూరాన ఉన్నా ఆయనకు వినపడుతుందట.

పోయిన వేసవిలో ఆయన మకార్ గుడారానికి వచ్చాడు. మకార్ భార్య అగ్రఫేనా సగం కోసిన చేపతో బల్ల దగ్గర ఉంది. మకార్ నడినదిలో వల దగ్గర ఉన్నాడు. అతని ఛాతీ మీద తోలు ఒరలో చర్చి గంటను చీల్చగల రివాల్వరు ఉంది. ఒర మీద లైఫ్ జాకెట్ ఉంది. జాకెట్ జిప్పు ఇరుక్కుపోయింది. అతను జిప్పుతో కుస్తీ పడుతుండగా అగ్రఫేనా వెనక్కి వెనక్కి అడుగులేసి పొగగూటి చాటుకు చేరింది. ఆయన బల్ల మీదవన్నీ తిని, తొట్టి బోర్లించి, తీరిగ్గా వెళ్ళాడు. ఆ తర్వాత ఆమె ఒడ్డున నిలబడలేకపోయింది. కత్తి పట్టుకుంటే వీపు వెనక ఆయన ఊపిరి వినిపించేదట. ఏటా ఎండబెట్టే చేపల్లో సగం కూడా ఎండలేదు. ఆ చలికాలం వాళ్ళింట్లో దుకాణం డబ్బాలే ఎక్కువ తెరుచుకున్నాయి. పొరుగువాళ్ళు ఎండుచేపల మూటలు వాళ్ళ గుమ్మంలో పెట్టి చప్పుడు చేయకుండా వచ్చేవారు.

ఇంత జరిగాక మకార్ తేల్చిందేమిటంటే, తన రివాల్వరు చాల్లేదని.

చలికాలమంతా నికీఫర్ దుకాణంలో పొయ్యి చుట్టూ ఇదే పంచాయితీ. రివాల్వరైతే తడిసినా మొరాయించదు, కానీ తూటాలు ఆరే. పిస్తోలైతే తూటాలు ఎక్కువ, కానీ నది ఇసుక దూరితే చేతిలో ఇనపముక్కే. నీళ్ళలో తిరిగే మనిషికి తుప్పు పట్టని ఉక్కు కావాలి. గొట్టం పొడుగైతే గురి కుదురుతుంది, పడవ అంచుకు తగులుతుంది. నికీఫర్ ఒక్కొక్కటే తూటాలు తీసి అందించేవాడు. మకార్ దాన్ని పట్టుకుని, ఒక కన్ను మూసి, మూలనున్న పిండి బస్తాలకు గురిపెట్టేవాడు. ఆ చలికాలం మా ఊళ్ళో అందరికంటే ఎక్కువ ప్రాణభయంతో బతికినవి ఆ బస్తాలే.

అందరిలోకీ పెద్దవాడు జహార్ ఒకనాడు టీ ఊదుకుంటూ అన్నాడు: "ఒరే మకారూ, ఏ తూటా ఎంత లోతు దిగుతుందో నీకంటే ముందు ఆయనకే కంఠతా వచ్చేట్టుందిరా."

"ఆయనిప్పుడు గుహలో నిద్రపోతున్నాడు బాబాయ్."

"అయితే గొంతు తగ్గించు. లేపి మరీ నేర్పేలా ఉన్నావు."

ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాల్లో మకార్ మాంసం మానాడు, వెన్న మానాడు. ఇది మానలేదు. శిలువను ముద్దుపెట్టుకునే వరుసలో నా వెనక నిలబడి, నాలుగంగుళాల గొట్టం మేలా ఆరంగుళాలదా అని చెవిలో అడిగాడు. ప్రభువు దయామయుడు కనుక విననట్టు ఊరుకున్నాడు. నాకంత దయ లేదు. ముందు నీ నాలుక పొడవు తగ్గించుకో అన్నాను. అతను నొచ్చుకోలేదు. ఆ సాయంత్రమే మా ఇంటికి కట్టెలు చేరేసి, పనిలో పనిగా ఆరంగుళాలే ఖాయం చేశానని చెప్పి వెళ్ళాడు.

వసంతంలో నది మీది మంచు విరిగింది. ఫాదర్ గారు పడవల మీద పవిత్రజలం చల్లారు. అందరూ వలలు సర్దుకుంటుంటే అగ్రఫేనా ఒక్క మూటా కట్టలేదు. మకార్ బేరం రెండు రివాల్వర్ల దగ్గరికొచ్చి ఆగింది. రెండూ పాతదానికంటే పెద్దవే. ఆ రోజు అతను వాటిని చెరో చేత పట్టుకుని తూచుతుండగా ఆమె దుకాణంలోకి వచ్చింది. ఉప్పు అడగలేదు, చక్కెర అడగలేదు. నేరుగా మొగుడి ముందు నిలబడింది.

"ఏమయ్యా, పోయినేడు ఆయన ఎవరి దగ్గరికొచ్చాడు?"

"నీ దగ్గరికే."

"తుపాకీ ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. జిప్పు..."

"జిప్పు సంగతి చలికాలమంతా విన్నాను. చేపలు కోసేది నేను. ఒడ్డున నిలబడేది నేను. నువ్వు చూస్తే నీ చెయ్యే కొలుచుకుంటున్నావు."

పొయ్యి చుట్టూ ఉన్న మేమందరం టీ గ్లాసుల్లోకి చూసుకున్నాం. చలికాలమంతా తూటా బరువు గింజల్లో లెక్కపెట్టి మాట్లాడిన మగవాళ్ళం. ఈ ముక్క ఒక్కరికీ తోచలేదు.

ఆమె ఇంకా మెత్తగా అంది: "పోనీ, నీ తుపాకీ నీ దగ్గరే ఉంచుకో. ఈసారి ఒడ్డున నువ్వుండు. పడవ నేను నడుపుతా."

అలాగే వెళ్ళారు. మా గుడారం నదికి ఇవతల, వాళ్ళ గుడారానికి ఎదురుగానే. కాబట్టి ఇది విన్న మాట కాదు, చూసిందే. అగ్రఫేనా వల చక్కగానే లాగింది. మకార్ కోసిన చేపలను చూస్తే మాత్రం ఆయనే వచ్చి తిన్నాడనుకోవాలి. మోచేతుల దాకా జిగురు, నెత్తురు. మధ్యాహ్నం అతనికి సాధన చేయాలన్న బుద్ధి పుట్టింది. తూటాలు తీసేసి, జబ్బలు విరుచుకుని, ఒరలోంచి రివాల్వరు లాగాడు. అది బతికున్న చేపలా చేతిలోంచి జారి పేగుల తొట్టిలో పడింది. తీసి, ఏప్రానుకు తుడిచి, మళ్ళీ లాగాడు. మళ్ళీ తొట్టిలోకే. నడినదిలో అగ్రఫేనా వలవైపే చూస్తూ ఉండిపోయింది. నవ్వకపోవడం ఆమె మంచితనం. ఇవతలి ఒడ్డున మేం నవ్వాం, దేవుడు మన్నించుగాక.

మర్నాడు మకార్ ఆమెను పడవలో దుకాణానికి తీసుకొచ్చాడు. వెంట చేప జిగురు నిండిన బకెట్టు తెచ్చాడు. ఆమె చేతులు ముంచి, ఒక్కో పిస్తోలూ పట్టి చూసింది.

"అవి అమ్ముకోవాల్సిన సరుకక్కా," అని నికీఫర్ గొణిగాడు.

"జారేదాన్ని అమ్ముకుంటావా తమ్ముడూ?" అంది ఆమె. నికీఫర్ గుడ్డ తెచ్చి ఇచ్చాడు.

చివరికి ఆమె చేతిలో నిలిచింది ఓ మోస్తరు పిస్తోలు. ఆకురాయిలా గరుకైన పిడి, వేలు మీటకు సుఖంగా అందుతుంది. దాని తూటా తగిలితే ఆయనకు కోపం తప్ప ఏమీ రాదని పొయ్యి దగ్గరి పండితులు తీర్పు చెప్పారు. మకార్ వాదించలేదు. ఆమె చేతిలో నిలబడుతోంది అని మాత్రం అన్నాడు. ఇసుకతిప్ప మీద ఆమె భుజాలు నొప్పెట్టేదాకా కాల్చి అలవాటు చేసుకుంది. ఒరను ఏప్రానుకు పైన, చేతికి అందేలా కట్టుకుంది. బల్ల దగ్గరికి తిరిగి వచ్చింది. అయినా ఎండుకొమ్మ విరిగితే చాలు, కత్తి ఆగిపోయేది.

చేపలు జోరుగా నదికి ఎదురెక్కుతున్న రోజుల్లో ఆయన వచ్చాడు. పొదలు కదిలాయి, తల కనిపించింది. అగ్రఫేనా కత్తి బల్ల మీద పెట్టి, రెండు చేతులా పిస్తోలు పట్టుకుంది. "పెద్దాయనా, ఇది మా చలికాలం తిండి. మీ వాటా నదిలో ఉంది," అంది. ఆమె గొంతు మా ఒడ్డు దాకా వినపడింది. నడినదిలోంచి మకార్ ఇంజను హోరు మీదుగా అరుస్తున్నాడు: మోచేయి వంచకు, బొటనవేలు కిందకి దించు, ఊపిరి బిగబట్టు. నది మీద ఊపిరి బిగబట్టింది మేమే.

ఆయన ఇంకో అడుగు వేశాడు. ఆమె ఆయన ముందున్న తడి ఇసుకలోకి ఒకటి పేల్చింది. ఇసుక ఆయన ముక్కు మీదికి లేచింది. ఆయన గిర్రున తిరిగి, వచ్చిన పొదల్లోంచే వెళ్ళిపోయాడు.

నేను పడవేసుకుని అవతలికి చేరేసరికి మకార్ ఒడ్డెక్కి ఆయాసపడుతూ అడుగుతున్నాడు: "జారిందా? పట్టు జారిందా?"

"ముందు నేనెలా ఉన్నానో అడుగు," అంది ఆమె. "తరవాత దాని సంగతి."

అతను తలొంచుకున్నాడు. "ఎలా ఉన్నావే?"

"ముందు కూర్చోనీ, చెబుతా."

మకార్ తొట్టి బోర్లించి ఆమెను కూర్చోబెట్టాడు. నీళ్ళు తెచ్చి, ఆమె చేతుల జిగురు తనే కడిగాడు. కాసేపటికి, ఎండకు చేపలు చెడిపోతాయంటూ ఆమె లేచి బల్ల దగ్గరికి వెళ్ళి కత్తి అందుకుంది. మకార్ పిస్తోలు మాట ఎత్తకుండా పొదలవైపు చూస్తూ ఆమె వెనకే నిలబడ్డాడు.

"జారలేదు," అంది ఆమె, తల తిప్పకుండానే. "వెళ్ళి వల చూసుకో."