గుర్రాలుండేవన్న నా గది

దోహాలో నేను తొమ్మిదేళ్ళు పనిచేసిన ఇల్లు తొంభైల నడుమ హోటలైపోయింది. ఆ ఇంటిని ఎప్పుడో ఒక ఇంగ్లీషు ఇంజనీరు కట్టించుకున్నాడట. ఆయన వెళ్ళిపోతూ మా మామా వాళ్ళకు అమ్మాడు. ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్ళం మామా అనే పిలుస్తాం.

మామా వాళ్ళు మదీనత్ ఖలీఫాలో కొత్త విల్లాకు మారుతూ తివాచీలు తీసుకెళ్ళారు, చిలకల పంజరం తీసుకెళ్ళారు. నన్ను మాత్రం ఇంటితో పాటే హోటలువాళ్ళకు అప్పజెప్పారు. పెరటి చివర నా గది ఉండేది. తొమ్మిదేళ్ళు అక్కడే పడుకున్నాను, ఏడ్చాను, కడప నుంచి వచ్చిన ఉత్తరాలు చదువుకున్నాను. హోటలుకొచ్చేవాళ్ళకు ఇవ్వడానికి దాన్ని ఖాళీ చేయించి, నన్ను ఆడవాళ్ళ క్వార్టర్స్‌లో ఆరుగురున్న గదికి పంపారు.

కొత్త మేనేజరు ఇంగ్లండు మనిషి. వాళ్ళ దేశంలో పాత జమీందారీ బంగళాలు హోటళ్ళవుతాయట. వచ్చేవాళ్ళు గదితో పాటు దాని చరిత్రకూ డబ్బిస్తారట. మా ఇంటికి అంత చరిత్ర లేదు. నేనక్కడ బతికిన కాలం చరిత్ర కింద రాదు కాబోలు, ఆయనే ఒకటి రాసి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. తోటపని చేసే కరీంనగర్ అబ్బాయి అది చదివి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“అక్కా, నువ్వు పండుకున్న జాగల గుర్రాలను కట్టేసెటోళ్ళట! గోడకు రాసి పెట్టిండ్రు” అని పడీ పడీ నవ్వాడు.

“ఏం గుర్రాలప్పా? ఆడ నా ట్రంకుపెట్టెకే చోటు లేకపాయె” అన్నాను. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

ఆ గది శుభ్రం చేసే డ్యూటీ నాకే పడింది. మొదటి శుక్రవారం గడప కడిగాను. కడిగిన చేయి ఊరుకోలేదు. వంటింట్లోంచి పసుపు తెచ్చి, తడిపి, గడపకు రాసి, నా సంచిలోని కుంకుమతో బొట్లు పెట్టాను. మామా ఉన్నన్నాళ్ళూ ప్రతి శుక్రవారం చేసిన పనే. మొదట్లో ఇదేమిటని గద్దించినా, మా ఇళ్ళల్లో ఇంతేనంటే ఆవిడ సరేలెమ్మంది. బొట్లన్నీ పెట్టి లేచాక గుర్తొచ్చింది, ఆ గది ఇప్పుడు నాది కాదని. తుడిచేద్దామని గుడ్డ తడిపేలోగా మేనేజరు ఒక తెల్లావిడను వెంటబెట్టుకొచ్చాడు.

ఆవిడ గడప చూసి ముచ్చటపడి, ఏమిటిదని అడిగింది. మేనేజరు తడుముకోలేదు. గుర్రాలకు దిష్టి తగలకుండా వెనకటి పనివాళ్ళు చేసే ఆచారమనీ, దాన్ని తాము నిలబెడుతున్నామనీ చెప్పాడు. ఆవిడ నావైపు తిరిగి, ఇక్కడ ఎవరుండేవారు అని అడిగింది.

మేనేజరు నన్నే చూస్తున్నాడు. నా వీసా రెన్యువల్ కాగితం వారంగా ఆయన బల్ల మీదే సంతకం కోసం పడుంది. ఊళ్ళో మా అమ్మాయి నర్సింగ్ చదువు సగంలో ఉంది. నేనుండేదాన్ని, ఆ పసుపు నాది అన్న మాట గొంతుదాకా వచ్చింది.

“హార్సెస్, మేడమ్. ఓన్లీ హార్సెస్” అన్నాను.

సాయంత్రానికల్లా సంతకం అయింది. శుక్రవారం శుక్రవారం ఆ గడపకు పసుపు రాయడం నా డ్యూటీలో చేరింది. ఇంకో మూడేళ్ళు గుర్రాల పేరున రాశాను. క్వార్టర్స్‌లో నా గది గడపకు మాత్రం ఒక్క శుక్రవారం కూడా రాయబుద్ధి కాలేదు.