పొగ మీద వేసిన నింద

మొన్న ఇస్నాపూర్‌లో మా ఇంట్లో చిన్న మనవడి పుట్టినరోజుకు మనవరాలు బుడగలు ఊదుతూ మూడోదానికి ఆగిపోయింది. కుడి పక్కన చెయ్యి వేసుకుని, "నానమ్మా, మిగిలినయి జెర నువ్వు ఊదవా" అంది. పదమూడేళ్ల పిల్ల అరవై దాటినదానికి బుడగలు అప్పజెప్పిందని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

దానికి మూడేళ్లప్పుడు కోడలు కంపెనీలో షిఫ్టుకు పోతే పిల్ల నా దగ్గరే ఉండేది. "దానికి పల్లీలు పెట్టకుర్రి అత్తమ్మా, ఇంకా సరిగ నమలరాదు" అని చెప్పి మరీ పోయేది. నలుగురిని పెంచినదాన్ని, నాకే చెబుతుందా అనుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం వేయించిన పల్లీలు పొట్టు ఊదుకుని తింటూ, దాని నోట్లోనూ రెండు వేసి, చక్కిలిగిలి పెట్టాను. నవ్వుతూనే పొలమారింది. ముఖం ఎర్రబడేదాకా దగ్గి, నీళ్లు తాగి, మళ్లీ ఆటలో పడింది. మింగేసిందిలే అనుకున్నాను.

వారం తిరక్కుండా దగ్గు పట్టుకుంది. మా వైపు దగ్గుకు కారణం వెతకాల్సిన పని లేదు, కంపెనీల పొగ ఉంది. కూర మాడినా ఆ వాసనేనని తప్పించుకోగల ఊరు మాది. కిటికీలు మూశాం, సిరప్పులు మార్చాం, జ్వరం పోయి మళ్లీ వచ్చింది. పల్లీల సంగతి మరిచిపోయానంటే అబద్ధం. పిల్ల దగ్గినప్పుడల్లా గుర్తొచ్చేది. కోడలికి భయపడి కుక్కిన పేనులా ఉండిపోయాను. పొగను అందరికంటే గట్టిగా తిట్టింది కూడా నేనే.

ఐదో నెలలో పటాన్‌చెరులో ఒక డాక్టరమ్మ పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. "పొగైతే రెండు దిక్కులా పట్టాలె గదమ్మా. ఒక్క కుడి దిక్కే పిల్లికూతలు ఎందుకున్నయి? ఏమన్న మింగిందా?"

కోడలు లేదంది. నాకిక దాచబుద్ధి కాలేదు.

"పల్లీలు నేనే పెట్టిన. పొలమారింది. మీకెవ్వలకూ చెప్పలే."

కోడలు పిల్లను నా ఒళ్లోంచి తీసుకుంది.

పెద్దాసుపత్రిలో గొట్టం వేసి సగం పల్లీ బయటికి తీశారు. ఊపిరితిత్తి కింది భాగం అప్పటికే కొంత దెబ్బతిన్నదనీ, పెరిగే పిల్ల గనుక చాలావరకు కోలుకుంటుందనీ, జలుబు చేస్తే మాత్రం ముందు అక్కడికే దిగుతుందనీ చెప్పారు. అట్లాగే అయింది. బడిలో పరుగు పందెం ఉరుకుతుంది. చలికాలం వస్తే మందు పీల్చే పంపు పుస్తకాల సంచిలో ఉంటుంది.

మిగిలిన బుడగలు నేనే ఊదాను. ఆ పల్లీ దాని ఛాతీలో ఉన్నది ఐదు నెలలు. తీసి పదేళ్లయింది గానీ, నేను నోరు మూసుకున్న ఆ ఐదు నెలలు నాకింకా గడవలేదు.