బాబాయి కుట్టిన స్విమ్మింగ్ పూల్

స్విమ్మింగ్ పూల్‌ని కుట్టుమిషన్ మీద కుట్టిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా బాబాయి. చదువు మధ్యలో మానేసిన నా మాటలే కదా అని కొట్టిపారెయ్యకండి. ఆ గుడ్డ ఇప్పటికీ మా అటక మీద ఉంది.

బాబాయి దర్జీ. మూడు స్కూళ్ల పిల్లలు ఆయన కుట్టిన నిక్కర్లలోనే పెద్దవాళ్లయ్యారు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, కొలవకుండా ఏ పనీ చెయ్యడు. కుర్చీ కొనాలన్నా ముందు ఇంటిల్లిపాదికీ కొలతలు తీస్తాడు. ఖర్చు అంచనా వేశాడంటే చిల్లర కూడా తేడా రాదు. తన లెక్క తప్పిన రోజు మిషన్ అమ్మేస్తానని వీధంతా వినేలా అనేవాడు.

అలాంటి మనిషికి యాభై దాటాక పెరట్లో పూల్ కట్టించాలని బుద్ధి పుట్టింది. ఎందుకు బాబాయ్ అంటే, ముప్పయ్యేళ్లు కూర్చుని కుట్టాను, ఇక పడుకుని తేలతాను అన్నాడు.

వెంటనే తవ్వించేశాడనుకుంటున్నారేమో. ముందు ట్రయల్ చూడాలన్నాడు. పాత నీలం కర్టెన్లన్నీ అతికి, పూల్ అంత గుడ్డ చేసి పెరట్లో పరిచాడు, పెరటికి నప్పుతుందో లేదో చూడ్డానికి. ప్రతి ఆదివారం పరవడం, సాయంత్రం మడతపెట్టడం. అలా ఎనిమిదేళ్లు. వచ్చిన చుట్టాలు ఈత కొడుతున్నట్టు చేతులాడిస్తూ గుడ్డ మీద నడిచేవారు. అవతలి అంచు చేరినవాళ్లకి బాబాయి మొహంలో నవ్వన్నది లేకుండా తువ్వాలు అందించేవాడు. నేను మాత్రం ఎప్పుడూ చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. పెద్దాయన కష్టాన్ని తొక్కకూడదు కదా అని అందరితో అనేవాణ్ణి.

ఈలోగా ఆయన ఖర్చుల పుస్తకం లావెక్కింది. తవ్వకం, పలకలు, మోటారు ఎవరైనా రాస్తారు. బాబాయి అయితే ఎండకి ఆవిరైపోయే నీళ్లకీ రాశాడు. కాళ్లు కడుక్కోకుండా దిగే చుట్టాల మూలంగా మార్చాల్సిన నీళ్లకి వేరే పేజీ. మొత్తం మీద, కుట్టులోకి పోయే గుడ్డకి వదిలినట్టు, పదో వంతు అదనం.

ఒక చివర ఎనిమిదడుగుల లోతు అని మొదటి పేజీలోనే ఉంది. అది చూసి నేను నోరు జారాను. నీళ్లు నింపిన రోజు మొదట దూకేది నేనేనని వీధిలో చాటాను. వరదలో నదికి అడ్డంగా ఈది, దారిలో ఒక గేదెని కూడా ఒడ్డుకి చేర్చిన వీరుడినని అప్పటికే నాకు పేరుంది. ఆ పేరు తెచ్చింది నేనే. అసలు సంగతి మీకొక్కరికే చెప్తున్నాను, బకెట్టు కంటే లోతైన నీళ్లు చూస్తే ఆమడ దూరం పరిగెత్తేవాణ్ణి.

మేస్త్రి గునపంతో దిగిన రోజు నేను పెరటి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. బాబాయి మెళ్లోంచి టేపు తీసి నన్ను పిలిచాడు. మడమ నుంచి ఛాతీ దాకా కొలిచాడు.

"చొక్కాకా బాబాయ్?"

"కదలకు."

ఆ అంకె మేస్త్రికి చెప్పి, ఈ చివర నుంచి ఆ చివరికి అదే లోతు అన్నాడు. ఎనిమిదడుగులన్నారు కదా అని మేస్త్రి తెల్లబోయాడు.

"లెక్క తప్పింది. డబ్బు చాల్లేదు."

నెల్లాళ్లు వీధికి అదే వినోదం. మిషన్ ఎంతకిస్తావని ఎదురింటి ఎలక్ట్రీషియన్ రోజూ బేరమాడేవాడు. బాబాయి తలెత్తకుండా కాజాలు కుట్టుకునేవాడు.

పూల్ నిండింది. ఇంత తక్కువ లోతులో దూకితే నేల పగులుతుందని ప్రకటించి, దర్జాగా మెట్ల మీంచి దిగాను. రోజూ పొద్దున్నే బాబాయి నా నడుం కింద చెయ్యి పెట్టేవాడు. రెండు నెలలకి ఆ చెయ్యి తీసేశాడు. నేను మునగలేదు.

ఆ తర్వాతే మేస్త్రి నోట అసలు మాట విన్నాను. ఎనిమిదడుగుల తవ్వకానికి బాబాయి డబ్బు ముందే ఇచ్చాడట, లోతు తగ్గాక మిగిలింది మేస్త్రే తిరిగిచ్చాడట. నేరుగా షాపుకెళ్లి నిలదీశాను, నాకు ఈత రాదని నీకెలా తెలుసని.

"గుడ్డ మీద కూడా ఎప్పుడూ కాలు పెట్టలేదురా నువ్వు."

ఇప్పుడు బాబాయి లెక్క తప్పిందని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఏడు సముద్రాలకీ కొలతలు తీసి అంచులు కుట్టిచ్చిన మొనగాడు మా బాబాయని చెప్తాను. ఇదంతా రాసి ఆయనకే చదివి వినిపించాను. మిషన్ ఆపకుండా చివరిదాకా విన్నాడు.

"పూల్ కుట్టలేదు, పాత కర్టెన్లు అతికాను. లెక్క మాత్రం తప్పింది. నీ కొలతకి రెండంగుళాలు ఎక్కువ తవ్వారు."