నల్లోడు తాగిన సీతాఫలం రసం

నా చిన్నప్పుడు, నిజాం ఏలుబడి చివరి రోజుల్లో, షాద్‌నగర్‌కు ఆమడ దూరంలోని మా పల్లెలో అనుమానాలకు కొదవ ఉండేది కాదు. దొర గడీ మనిషి వాకిట్లో నిలబడితే ఎందుకొచ్చాడోనని అనుమానం, పొరుగువాళ్లు మెల్లగా మాట్లాడుకుంటే మన గురించేనేమోనని అనుమానం. ఆ గాలే నాకూ సోకి, ఎనిమిదేళ్లకే ఎవరినీ నమ్మని పిల్లనయ్యాను. పూర్తిగా నమ్మింది మా కుక్క నల్లోడొక్కడినే.

పక్కింటి అక్కకూ వాడికీ పడేది కాదు. ఒకసారి ఆమె కోడిపెట్టను ఎత్తుకుపోయి తిన్నాడు. ఆమె గోడమీది నుంచి, "గీ కుక్కకు మందు వెడ్త సూడుండ్రి!" అని అరిచింది. కోపంలో ఎవరైనా అనే మాటే. నేను మాత్రం దాన్ని మనసులో దాచుకున్నాను. ఆనాటి నుంచి ఆమె మావైపు మెతుకు విసిరినా నల్లోడికంటే ముందు నేనే వెళ్లి చూసేదాన్ని.

సీతాఫలాల కాలం వచ్చింది. మా ఆడవాళ్లంతా కలిసి గుట్టకు పోయి కాయలు తెంపి గంపలకెత్తేవాళ్లు. మరీ మెత్తబడి పగిలినవి ఇంట్లో పిల్లలకు. ఒకరోజు నల్లోడు ఎండకు వాడిపోయి జొన్నగటక ముట్టలేదు. గడీకి వచ్చిన పెద్దమనుషులు పండ్ల షర్బత్ తాగి తేరుకోవడం నేను చూశాను. వాళ్లకు మంచిదైంది మావాడికెందుకు కాదనుకుని పండ్ల గుజ్జు రోట్లో వేశాను. గింజలు ఎవరు ఏరుతారులే అని వాటితోనే మెత్తగా దంచి, బెల్లం నీళ్లు కలిపి మూకుట్లో పోశాను. వాడు చుక్క మిగల్చలేదు.

పొద్దు వాలేసరికి నల్లోడు కక్కుకున్నాడు. నోట్లో నురగ, కాళ్లలో వణుకు. నాకు రసం గుర్తే రాలేదు. పండును ఎవరు అనుమానిస్తారు? అక్క అన్న మాటే గుర్తొచ్చింది. "అక్కనే మందు వెట్టింది, నేను జూసిన!" అని ఏడ్చాను. నేను చూసిందేమీ లేదు. మా బాపు కట్టె పట్టుకుని ఆమె గడప మీదికి పోయాడు. వాడకట్టంతా చేరింది. మందు పెట్టే మనిషని పేరుపడితే ఇక ఆమెను గుట్టకు తోడు పిలిచేవాళ్లుండరు, ఆమె చేతి నీళ్లు తాగేవాళ్లుండరు.

ఆమె తిరిగి అరవలేదు. బాపును పక్కకు జరిపి మా వాకిట్లోకి వచ్చి, నల్లోడు కక్కినదాన్ని పుల్లతో కదిపి చూసింది. తర్వాత మా రోటి అడుగున వేలు పెట్టింది. వేలికి నల్లటి పెచ్చులు అంటుకున్నాయి. నా దగ్గరకొచ్చి చెవిలో అడిగింది: "గింజలు గూడ దంచినవా బిడ్డా? మీ అవ్వ నీ తలకు పేన్ల మందు రాసేటప్పుడు కండ్లకు గుడ్డ ఎందుకు కడ్తదో ఎరికేనా? గా మందు గీ గింజల పొడే, కండ్లల్ల వడితే కండ్లే వోతయ్."

ఆమె బాపు వైపు తిరిగి, "ఏదో తినరానిది తిన్నది. జర నీడకు పండవెట్టుండ్రి," అంది. నా పేరు ఎత్తలేదు. వాడు కళ్లు తెరిచేదాకా పక్కనే కూర్చుంది.

నల్లోడు బతికాడు, అదృష్టం. వాడలో అనుమానం మాత్రం పోలేదు. బావి దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి కడవలు పక్కకు జరుపుకున్నారు. ఇప్పుడైనా నా సంగతి బయటపెడుతుందని మూడు రోజులు గోడచాటు నుంచి కాపలా కాశాను. పెట్టలేదు. నాకే సిగ్గేసింది. నాలుగోనాడు బాపుతో అంతా చెప్పేశాను. ఆయన కొట్టలేదు. గుడ్లు పెడుతున్న మా పెట్టను నా చేతికిచ్చి, వాడకట్టంతా చూస్తుండగా నన్ను ముందు నడిపించుకుంటూ ఆమె ఇంటికి తీసుకుపోయాడు. అక్కడ నా నోటితోనే చెప్పించాడు.

ఇప్పుడు మా మనవలు వాళ్ల కుక్కకు పండ్లరసం పోయబోతారు. "పండే కదా అవ్వా" అంటారు. నేను గ్లాసు లాక్కుని ఏం పండు, గింజ తీశారా, మనకు చలవైంది దానికీ చలవేనని ఎవరు చెప్పారు అని ఆరా తీస్తాను. మంచినీళ్లు పోయమంటాను. నన్ను అనుమానాల అవ్వ అని నవ్వుతారు. నవ్వనీ. పక్కింటి మనిషిని అనుమానించడం మాత్రం ఆ కోడిపెట్టను చేతబట్టుకుని నడిచిన రోజే మానేశాను.